నెలలు నిండిన చివరి వారాలు: ఒంట్లో ఏం జరుగుతుంది, మనకు ఏం దక్కాలి

మిరపకాయ కోతల కాలంలో యర్రగొండపాలెం, పుల్లలచెరువు, త్రిపురాంతకం మండలాల్లో తెల్లవారకముందే పల్లెల ముందు ఆటోలు ఆగుతాయి. ఎక్కే ఆడవాళ్ళలో ఎనిమిదో నెల, తొమ్మిదో నెల గర్భిణులూ ఉంటారు. పొద్దంతా నడుం వంచి కాయ కోసి, ఇంటికొచ్చి నీళ్ళ ట్యాంకర్ దగ్గర బిందె పెట్టి, వంట చేసి పడుకుంటారు. ఇంట్లో కూర్చోమని డాక్టరమ్మ చెప్పలేదా అంటే, చెప్పింది. కూర్చుంటే కూలి ఎవరిస్తారో మాత్రం చెప్పలేదు.

గర్భం చివరి నాలుగైదు వారాల్లో ఒంట్లో ఏం జరుగుతుంది, దేనికి భయపడక్కర్లేదు, దేనికి పరుగెత్తాలి అన్నది ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. అది తెలిసినా సరిపోదు. తెలిసింది ఆచరించాలంటే విశ్రాంతి కావాలి, బండి కావాలి, ఆసుపత్రి గుమ్మం దగ్గర గౌరవం కావాలి. ఈ రెండో సగాన్ని వదిలేసి మొదటి సగం మాత్రం చెబితే, తప్పంతా తల్లి మీద పడుతుంది. అందుకే మేము రెండూ కలిపి రాస్తున్నాం. పల్లెల్లో పనిచేసే కార్యకర్తలు, విద్యార్థులు దీన్ని ఇళ్ళల్లో చదివి వినిపిస్తే మాకు అంతకన్నా కావలసింది లేదు.

లెక్క ఎలా వేయాలి

ఆఖరుసారి బహిష్టయిన మొదటి రోజుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. అది 40 వారాల లెక్క. కానీ బిడ్డ తేదీ చూసుకుని పుట్టదు. ఆ తేదీకి అటూ ఇటూ రెండు వారాల్లో ఎప్పుడు పుట్టినా మామూలే. 37 వారాలు నిండకముందు నొప్పులు వస్తే నెలలు నిండని కాన్పు. అది వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిన సంగతి. 41 వారాలు దాటినా నొప్పులు రాకపోతే ఇంట్లో ఎదురుచూడకూడదు. ఆసుపత్రిలో చూపించుకుని, నొప్పులు తెప్పించాలా వద్దా అన్నది వాళ్ళతో తేల్చుకోవాలి.

36వ వారం ముఖ్యమైన మజిలీ. ఆ వారంలో బిడ్డ తల కిందికి ఉందో లేదో చూపించుకోవాలి. ఎదురుకాళ్ళతో ఉన్నా, అడ్డంగా ఉన్నా కాన్పు ఎక్కడ జరగాలో అప్పుడే నిర్ణయించుకోవాలి. నొప్పులు మొదలయ్యాక తెలిస్తే చేతిలో టైం ఉండదు. 2016 నుంచి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా ఉచిత పరీక్షలు చేస్తున్నారు. చివరి నెలలో వచ్చే 9వ తేదీని వదులుకోవద్దు.

మామూలుగా జరిగేవి

ఈ వారాల్లో బిడ్డ తల కటి ఎముకల్లోకి దిగుతుంది. 'కడుపు జారింది' అని పెద్దవాళ్ళు చూడగానే చెప్పేస్తారు. ఊపిరి కాస్త తేలికవుతుంది, గుండెల్లో మంట తగ్గుతుంది. దానికి బదులు ఒంటికి మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తుంది, నడుం లాగుతుంది, నడక బరువవుతుంది. తొలిచూలులో ఇది కాన్పుకు రెండు మూడు వారాల ముందే జరగొచ్చు. మలిచూలులో నొప్పులు మొదలయ్యాకే జరగొచ్చు.

సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బడం, రాత్రి పిక్కలు పట్టేయడం, నిద్ర సరిగా పట్టకపోవడం కూడా మామూలే. పడుకునేటప్పుడు ఎడమవైపు తిరిగితే బిడ్డకు రక్తం బాగా అందుతుంది. బిడ్డ లావైతే కాన్పు కష్టమని చివరి నెలలో అన్నం తగ్గించే అలవాటు కొన్ని ఇళ్ళల్లో ఉంది. ఇది తప్పు. తల్లి పస్తులుంటే కాన్పు తేలిక కాదు. బిడ్డ బలహీనంగా పుడుతుంది, తల్లికి నొప్పులు తట్టుకునే సత్తువ ఉండదు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు, భోజనం ఆమె వాటా. ఇంటిల్లిపాదికీ పంచేది కాదు.

దొంగ నొప్పులు, అసలు నొప్పులు

చివరి వారాల్లో పొట్ట అప్పుడప్పుడూ రాయిలా గట్టిపడి మళ్ళీ వదులవుతుంది. ఇవి దొంగ నొప్పులు. వీటికి వరస ఉండదు. కాసేపు నడిస్తేనో, నీళ్ళు తాగి పడుకుంటేనో తగ్గిపోతాయి. అసలు నొప్పులు తగ్గవు. నడుం దగ్గర మొదలై ముందుకు తిరుగుతాయి. పావుగంటకు ఒకటి, పది నిమిషాలకు ఒకటి, ఐదు నిమిషాలకు ఒకటి అన్నట్టు దగ్గరవుతాయి. ఒక్కో నొప్పి ఎక్కువసేపు నిలుస్తుంది, బలం పెరుగుతుంది. నొప్పి వచ్చినప్పుడు మాట రాదు.

తేడా తెలుసుకోవడానికి వాము కషాయమో జీలకర్ర కషాయమో ఇవ్వడం మన ఇళ్ళల్లో అలవాటు. ఇస్తే ఇచ్చారు, దానికోసం గంటలు గంటలు కూర్చోవద్దు. నొప్పులు తొందరగా రావాలని ఊళ్ళో ఆర్‌ఎంపీ చేత ఇంజెక్షన్ మాత్రం వేయించవద్దు. ఆ మందు మోతాదు మించితే గర్భసంచి పగలొచ్చు, బిడ్డకు ఊపిరి ఆగొచ్చు. దాన్ని ఆసుపత్రిలో, బిడ్డ గుండె చప్పుడు చూస్తూ మాత్రమే ఇవ్వాలి.

జిగురులాంటి తెలుపులో కొంచెం ఎరుపు చార కనిపిస్తే గర్భసంచి ముఖం మెత్తబడుతోందని అర్థం. నొప్పులు గంటల్లో రావొచ్చు, కొన్ని రోజులకూ రావొచ్చు. ఉమ్మనీరు పోతే మాత్రం నొప్పులు లేకపోయినా బయల్దేరాలి. ఎన్ని గంటలకు పోయిందో గుర్తుపెట్టుకోవాలి, శుభ్రమైన తెల్లగుడ్డ పెట్టుకుని రంగు చూడాలి. నీళ్ళలా ఉంటే సరే. పచ్చగానో, గోధుమరంగుగానో ఉంటే బిడ్డ లోపలే విరేచనం చేసిందని అర్థం, ఆలస్యం చేయకూడదు.

తొలికాన్పుకు నొప్పులు ఐదు నిమిషాలకొకటి అయ్యాక బయల్దేరమని పట్టణాల్లో చెబుతారు. ఆ లెక్క ఆసుపత్రి పక్క వీధిలో ఉన్నవాళ్ళది. యర్రగొండపాలెం నుంచి మార్కాపురం నలభై కిలోమీటర్ల పైమాటే. మార్కాపురం నుంచి ఒంగోలు ఇంకో వంద దాకా. నల్లమల లోపలి పాలుట్ల లాంటి చెంచు గూడేల నుంచి యర్రగొండపాలెం రావడమే ఒక ప్రయాణం. మనం నొప్పులు వరసలో పడ్డాయని తెలియగానే బయల్దేరాలి. మలికాన్పయితే ఇంకా ముందే.

పరుగెత్తాల్సినవి

కింద చెప్పిన వాటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి.

ఎర్రటి రక్తం పోవడం. నొప్పి లేకుండా పోయినా ప్రమాదమే. మాయ గర్భసంచి ముఖానికి అడ్డంగా ఉండి ఉండొచ్చు. పొట్ట గట్టిపడి విపరీతంగా నొప్పి పెడితే మాయ ముందే ఊడి ఉండొచ్చు.

తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు కమ్మడం, గుండెకు దిగువన పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం చేతులు ఉబ్బడం. బీపీ 140/90 లేదా అంతకు మించి ఉండి ఈ గుర్తులు కనిపిస్తే తర్వాత వచ్చేది గుర్రపువాతం, అంటే ఫిట్స్. దయ్యం పట్టిందని, గాలి సోకిందని తాయెత్తుల దగ్గరికి తీసుకెళ్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. బీపీ చూడటం, మూత్రంలో ప్రొటీన్ చూడటం రెండు నిమిషాల పని. ప్రతిసారీ చేశారా లేదా అని అడిగి తీరాలి.

బిడ్డ కదలిక తగ్గడం. నెలలు నిండాక బిడ్డ కదలదు, చోటు చాలదు అని చాలామంది అంటారు. అది నిజం కాదు. కదలిక తీరు మారొచ్చు కానీ తగ్గకూడదు. అనుమానం వస్తే అన్నం తిని ఎడమవైపు పడుకుని లెక్కపెట్టాలి. రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే బయల్దేరాలి.

జ్వరం, దుర్వాసన వచ్చే ఉమ్మనీరు, ఊపిరాడకపోవడం. వీటితోపాటు అరుదుగా బొడ్డుతాడు బయటికి జారడం. తాడు కనిపిస్తే లోపలికి తోయకూడదు. ఆమెను మోకాళ్ళ మీద వంచి, నడుం పైకి, తల కిందికి ఉంచి బండి ఎక్కించాలి.

రక్తం సంగతి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే సర్వేలో మన రాష్ట్రంలో ఆసుపత్రి కాన్పులు 96.5 శాతం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి. దాదాపు అందరం ఆసుపత్రికి చేరుతున్నాం, సగం మందికి పైగా రక్తం లేకుండా చేరుతున్నాం.

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాలి. 7 కన్నా తక్కువైతే తీవ్రమైన రక్తహీనత. చివరి మూడు నెలల్లో ఆ స్థితి ఉంటే ఆసుపత్రిలో చేర్చుకుని వైద్యం చేయాలని నిబంధన. కాన్పులో కొంత రక్తం అందరికీ పోతుంది. ఒంట్లో రక్తం ఉన్నామె తట్టుకునే రక్తస్రావాన్ని లేనామె తట్టుకోలేదు. అందుకే 36వ వారంలో ఒకసారి తప్పకుండా రక్తం చూపించుకోవాలి. చివరి వారాల్లో మాత్రలతో రక్తం ఎక్కే టైం ఉండదు కాబట్టి, తక్కువ ఉంటే సెలైన్‌లో ఐరన్ ఎక్కించాలా, రక్తం ఎక్కించాలా అని డాక్టర్‌ను అడగాలి. మాత్రలు వేసుకునేవాళ్ళు టీతో, పాలతో వేసుకోవద్దు. కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర ఒకే పూట వద్దు. విరేచనం నల్లగా అయితే భయపడి మానేయొద్దు.

మూడు ఆలస్యాలు

తల్లులు ఎందుకు చనిపోతున్నారో వివరిస్తూ 1994లో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే పరిశోధకులు మూడు ఆలస్యాల సూత్రం చెప్పారు. వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. ప్రజారోగ్యం చదివే ప్రతి విద్యార్థికీ ఇది తెలుసు. మేము దీనికి చేర్చేది ఒక్కటే. మన దగ్గర ఈ మూడింటిలోనూ కులం ఉంది. కూలి పోతుందనే భయం మొదటి ఆలస్యం. ఊరికి దూరంగా ఉన్న పల్లె, బండి రాని దారి రెండోది. లేబర్ రూంలో ఎవరిని ముందు చూస్తారు, ఎవరిని కసురుకుంటారు అన్నది మూడోది.

మొదటి రెండు ఆలస్యాలను కొంతవరకు మనమే తగ్గించుకోవచ్చు. 36వ వారానికల్లా ఈ ఏర్పాట్లు పూర్తవ్వాలి.

కాన్పు ఎక్కడో తేల్చుకోవాలి. రక్తం తక్కువున్నా, బీపీ ఉన్నా, ముందు సిజేరియన్ జరిగి ఉన్నా, కవలలైనా దగ్గరి పీహెచ్‌సీ సరిపోదు. ఆపరేషన్ చేసే డాక్టరు, రక్తం ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్ళాలి. ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపించే దారిలోనే ప్రాణాలు పోతాయి.

తొలికాన్పుకు పుట్టింటికి వెళ్ళడం మన ఆనవాయితీ. అత్తగారి ఊరి ఆశా కార్యకర్త దగ్గర పేరుంటుంది, కాన్పు పుట్టింటి ఊళ్ళో జరుగుతుంది. ఇద్దరు ఆశాలకూ చెప్పాలి. తల్లీబిడ్డల కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం వెంట తీసుకెళ్ళాలి. గుంటూరు, పల్నాడు వైపు కోతలకు వలస వెళ్ళినవాళ్ళకూ ఇదే మాట.

108తో పాటు, అది రాకపోతే వచ్చే బండి ఎవరిదో, డ్రైవర్ నంబరు ఏమిటో రాసి గోడకు అంటించాలి. రక్తం ఇవ్వగలిగిన ఇద్దరు ముగ్గురిని ముందే అడిగి పెట్టుకోవాలి. పల్లెలో యువజన సంఘం ఉంటే ఈ రెండూ దాని పనులు. వెంట వెళ్ళే ఆడమనిషి ఎవరో, ఇంటి దగ్గర పిల్లల్ని ఎవరు చూస్తారో కూడా ముందే అనుకోవాలి.

ఆసుపత్రి గుమ్మం దగ్గర

ఒకప్పుడు చాలా ఊళ్ళలో మంత్రసానులు దళిత స్త్రీలు, వృత్తి కులాల స్త్రీలు. ఊరి బిడ్డలందరి బొడ్డూ కోసిన చేతులు వాళ్ళవి. ఆ పని అంటు అన్నారు కాబట్టే వాళ్ళ చేత చేయించారు. కాన్పు ఆసుపత్రికి మారాక అదే స్త్రీల కోడళ్ళు, మనవరాళ్ళు బల్ల మీద పడుకుంటే 'అరవకు', 'కనేటప్పుడు తెలియలేదా' అనే మాటలు, చెంపదెబ్బలు. ఆడపిల్లకు ఇంత, మగపిల్లాడికి ఇంత అని బిడ్డను చూపించడానికి వసూళ్ళు. ఇవన్నీ ఎక్కడో ఒకచోట జరిగే చెదురుమదురు సంగతులని మేము అనుకోవడం లేదు. నొప్పుల్లో ఉన్న మనిషి ఎదురు చెప్పలేదు. అందుకే హక్కులు వెంట వెళ్ళేవాళ్ళకు తెలిసి ఉండాలి.

2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో మామూలు కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు భోజనం ఉచితం. ఇంటి నుంచి ఆసుపత్రికి, ఒక ఆసుపత్రి నుంచి ఇంకోదానికి, తిరిగి ఇంటికి బండి ఉచితం. మన రాష్ట్రంలో బాలింతను ఇంటికి చేర్చేది 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్. దూది బయట కొనుక్కురమ్మన్నా, చీటీ రాసి షాపుకు పంపినా అది నిబంధనకు విరుద్ధం.

లేబర్ రూంలో తోడుగా ఒక ఆడమనిషిని ఉంచుకోవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. తోడు మనిషి ఉన్నచోట తిట్లూ దెబ్బలూ తగ్గుతాయి.

ఢిల్లీ హైకోర్టు 2010 జూన్ 4న లక్ష్మీ మండల్ కేసులో తీర్పు చెబుతూ తల్లి ఆరోగ్యాన్ని 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగంగా చూసింది. పథకాలు అందజేసే బాధ్యత ప్రభుత్వానిదని, ఆ భారాన్ని పేదల మీద వేయడం కుదరదని తేల్చింది. ఇక కులం పేరుతో ఆసుపత్రిలోకి, పీహెచ్‌సీలోకి రాకుండా అడ్డుకోవడం 2015 సవరణ తర్వాత ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(జెడ్‌ఏ) కింద నేరం. నలుగురి ముందు కులం పేరుతో తిట్టడం 3(1)(ఎస్) కింద నేరం. జాతీయ హెల్ప్‌లైన్ 14566. తేదీ, గంట, డ్యూటీలో ఉన్నవాళ్ళు, అన్న మాట అదే రోజు కాగితం మీద పెట్టాలి. తర్వాత రాద్దామంటే గుర్తుండదు, సాక్షులు ఉండరు.

విశ్రాంతి ఎవరిది

1928 జులై 28న బొంబాయి శాసన మండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు చర్చకు వచ్చినప్పుడు డాక్టర్ అంబేడ్కర్ దాన్ని సమర్థిస్తూ మాట్లాడారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశ ప్రయోజనమని, కాబట్టి ఆ ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే భరించాలని ఆయన వాదన. ఆ బిల్లు ఫ్యాక్టరీ స్త్రీల గురించి. ఆయన చెప్పిన కారణం మాత్రం ప్రతి తల్లికీ వర్తిస్తుంది.

దాదాపు వందేళ్ళ తర్వాత ఎక్కడున్నామో చూద్దాం. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో సవరణ చేసి సెలవును 26 వారాలకు పెంచారు. అందులో 8 వారాలు కాన్పుకు ముందే తీసుకోవచ్చు. చివరి పది వారాల్లో బరువు పనులు, ఎక్కువసేపు నిలబడే పనులు చేయించవద్దని అడిగే హక్కు ఆ చట్టం ఇచ్చింది. 2020 సామాజిక భద్రత కోడ్‌లోకీ ఈ హక్కులు వచ్చాయి. ఇవన్నీ యజమాని, హాజరుపట్టీ ఉన్న ఉద్యోగాలకు. మిరప చేలో మేస్త్రీ కింద పనిచేసే మనిషికి యజమాని రోజుకొకరు.

ఆమె కోసమని చెప్పేది 2013 ఆహార భద్రతా చట్టం. అందులో 4వ సెక్షన్ ప్రతి గర్భిణికీ కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలంటుంది. దాన్ని అమలు చేయడానికి వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన మొదటి బిడ్డకు 5,000, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 ఇస్తుంది. రెండో బిడ్డ మగపిల్లాడైతే ఏమీ లేదు. మొదటి బిడ్డకు ఇచ్చే డబ్బు రెండు విడతలు. గర్భం నమోదై ఒక పరీక్ష అయ్యాక 3,000, బిడ్డ పుట్టి టీకాలు పడ్డాక 2,000. జననీ సురక్షా యోజన కింద మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ తల్లులకు కేంద్రం ఇచ్చేది గ్రామాల్లో 700, పట్టణాల్లో 600. అదీ కాన్పయ్యాకే.

ఈ విడతల్ని వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. పని మానేయాల్సిన చివరి నెలలో రావాల్సిన డబ్బంటూ ఏదీ లేదు. పథకాలు గర్భం మొదట్లో ఒకసారి, బిడ్డ పుట్టాక ఒకసారి పలకరిస్తాయి. నడుమ ఆమె మిరప చేలో ఉంటుంది. 'విశ్రాంతి తీసుకోండి' అని కార్డు మీద రాయడానికి ఖర్చు లేదు.

మనం అడగాల్సినవి

యర్రగొండపాలెం 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఇక్కడ ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థీ మనవాళ్ళే. కాబట్టి ఈ ప్రశ్నలు ముందు ఇక్కడే అడగాలి.

ఒకటి. సిజేరియన్, రక్తం ఇరవై నాలుగు గంటలూ దొరికే ప్రభుత్వ కాన్పుల ఆసుపత్రి ఈ నియోజకవర్గం లోపలే ఉండాలి. రాత్రి పూట మార్కాపురమో ఒంగోలో పంపడం వైద్యం కాదు.

రెండు. పార్వతీపురం మన్యంలో సాలూరు, గుమ్మలక్ష్మీపురంలో కాన్పు తేదీ దగ్గరపడిన గిరిజన స్త్రీలను ముందే తీసుకొచ్చి ఉంచే గర్భిణుల వసతి గృహాలు నడిచాయి. అలాంటిది నల్లమల చెంచు గూడేల కోసం, దూరపు పల్లెల కోసం యర్రగొండపాలెంలోనూ కావాలి.

మూడు. చివరి రెండు నెలలకు కనీస కూలికి సమానమైన డబ్బు, ఎన్నో కాన్పు అన్న షరతు లేకుండా, పని మానేసే ముందే చేతికి రావాలి.

నాలుగు. ప్రతి లేబర్ రూంలో తోడు మనిషి హక్కు తెలుగులో గోడ మీద రాసి ఉండాలి. వసూళ్ళ మీద, కులదూషణ మీద వచ్చే ఫిర్యాదును సోమవారం కలెక్టరేట్ అర్జీల్లో విడిగా నమోదు చేయాలి.

ఇవి వచ్చేదాకా చేతిలో ఉన్న పని ఒకటుంది. మీ పల్లెలో ఇప్పుడు ఎనిమిదో నెల దాటినవాళ్ళు ఎవరెవరో కనుక్కోండి. వాళ్ళ కార్డులో చివరి హిమోగ్లోబిన్ ఎంత, బీపీ ఎంత, కాన్పు ఎక్కడ, రాత్రి వచ్చే బండి ఎవరిది అనే నాలుగు ప్రశ్నలు అడగండి. జవాబు లేని ప్రశ్న ఉన్న ఇంటికి రేపు మళ్ళీ వెళ్ళండి.